సైరంధ్రి చేతిపని



నేను బడి మొగము చూడక మునుపే మా తాతగారు నాచేత అమరకోశము వల్లె వేయించిరి. అర్థము తెలియకయే అప్పగించిన మాటలు కొన్ని, పెద్దదాననై సంసారములో పడిన పిదప, ఒక్కొక్కటిగా తమ యర్థమును తామే చెప్పుకొనుచున్నవి. అట్టివానిలో ‘సైరంధ్రి’ యనునది యొకటి. విరాటపర్వము విన్న మనకందరకును సైరంధ్రి యనగా ద్రౌపదియే. కాని యది ఆమె పేరు కాదు. ఒక వృత్తిని తెలుపు మాట. అమరసింహుడు మనుష్యవర్గమునందు ఆ మాటకు మూడు లక్షణములు చెప్పినాడు. ఆమె పరుల యింట నుండునది. ఐనను తన వశమున తానుండునది. శిల్పము, అనగా చేతిపని, యెరిగినది. తలలు దువ్వుట, గంధము నూరుట, పూవులు గ్రుచ్చుట మొదలగు పనులచే పరదేశమున బ్రతుకు స్త్రీకి ఆనాడే మనవారొక పేరు పెట్టియుంచిరన్నమాట.

పోయిన యేడు వేసవిలో మా వీధియందలి తల్లీకూతుళ్లిద్దరు ఒక కాగితము పట్టుకొని మా యింటికి వచ్చినప్పుడు ఈ మూడు లక్షణములును నాకు మరల జ్ఞప్తికి వచ్చినవి. ఆ కాగితము కథ మీకు చెప్పవలెననియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. మీ యిండ్లకు గాని, మీ యిరుగుపొరుగు వారికి గాని అట్టి కాగితము రాకమానదు.

నా పుట్టినిల్లు కర్నూలు సీమలో ఆదవాని వైపు; మెట్టినిల్లు కడప సీమలో రాజంపేట వైపు. ఈ రెండు తావులకును నీరు తక్కువ, ప్రయాణము లెక్కువ. ఆదవాని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములందు వానలు మొగము చాటు చేసిన యేడు జనులు పిల్లాజెల్లలతో గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును ప్రత్తి తీయుటకును పోవుదురు. దానిని మా వైపు ‘సుగ్గికి పోవుట’ యందురు. 1876వ సంవత్సరమున మొదలైన ధాత కరువును మా ముత్తవ్వలు కథలుగా చెప్పెడివారు. 1952 ప్రాంతమున గంజి కేంద్రముల యెదుట వరుసలు కట్టినవారి బిడ్డలు ఇప్పటికిని మా యూళ్లలో నున్నారు. కడప సీమ దక్షిణభాగమున నున్న రాయచోటి, రాజంపేట, పుల్లంపేట, కోడూరు వారికి మాత్రము సుగ్గి మరికొంత దూరమైనది. 1973లో నూనె ధర పెరిగి అరబ్బు దేశములలో పనులు పుట్టిన తరువాత, ఇక్కడివారు కువైత్తునకు దారి కనుగొనిరి. మొదట మగవారు వాహనములు నడపుటకును కట్టుబడి పనులకును పోయిరి. పిమ్మట ఆడువారు ఇంటి పనులకు పోయిరి. ఇప్పుడు మా వీధిలో పది యిండ్లు చూచినచో నాలుగింటికి కువైత్తు సొమ్ముతో వేసిన మిద్దె యుండును. ఆ మిద్దెలలో చాలవరకు ముసలివారును పిల్లలునే యుందురు.

మా యింటికి వచ్చిన తల్లిని నేను అక్కా యని పిలుతును. ఆమె మంచి కుట్టుపనికత్తె. కొలబద్ద లేకయే కంటితో చూచి రవిక కత్తిరింపగలదు. భర్త మూడు బోరుబావులు త్రవ్వించి మూడును ఎండిపోగా, అప్పుల వారి నోళ్లకు జంకి, ఆమె 2009వ సంవత్సరమున కువైత్తునకు పోయినది. అప్పటికి కూతురికి పదియేండ్లు. అవ్వ దగ్గర విడిచి పోయినది. “కుట్టుపనికే పంపుచున్నాను, చల్లగా గదిలో కూర్చుండి కుట్టుకొనవచ్చును” అని ఏజంటు చెప్పెనట. అక్కడ విమానము దిగిన పిదప తెలిసినది, తన వీసా ఇంటిపని వీసా యని.

పదునొకండుగురున్న యింట వంటపాత్రలు, బట్టలు, పసిబిడ్డలు. అది చాలక, ఆమెకు కుట్టు వచ్చునని తెలిసిన తరువాత యజమానురాలి కుమార్తెల దుస్తులును ఆమెయే కుట్టవలసి వచ్చెను. అక్కడి స్త్రీలు ‘దరాఅ’ యను పొడవైన వదులు దుస్తు ధరింతురు. మనకు సంక్రాంతికి కొత్తబట్టలు వలె వారికి రంజాను నెలలో దరాఅ ప్రత్యేకము. ఆ నెల మధ్య పిల్లల వేడుక ‘గిర్గియాను’ వచ్చును. దానికి పిల్లలకు పూసల అంగీలు వలయును. ఆమె కుట్టిన దుస్తులు చూచి చుట్టుప్రక్కల యిండ్లవారును గుడ్డలు తెచ్చిరి. ఒక్కొక్కదానికి రెండు దీనారములు వచ్చెడివట. అందు అక్క చేతికి అర దీనారము. ఒకనాడు ధైర్యము చేసి అడుగగా, “నీ వీసా నాది గదా, నీ చేయి మాత్రము నీదెట్లగును?” అని యజమానురాలు నవ్వెనట.

ఆ నవ్వునకు ఒళ్లు మండి, అక్క తన శుక్రవారపు సెలవులలో మరొక యింటికి పోయి సొంతముగా కుట్టసాగినది. ఒకటి, రెండు, మూడు వారములు బాగుగనే జరిగినది. నాలుగవ శుక్రవారమున తనిఖీ వచ్చినది. ఒకరి వీసాపై వచ్చి మరియొకరి యింట పని చేయుట ఆ దేశమున నేరము. ఐదు దినములు ఠాణాలో నుండినది. యజమానురాలే వచ్చి విడిపించినది గాని, రెండు నెలల జీతము పట్టుకొన్నది. తన శిల్పము తనకు అపరాధమైన తీరును అక్క చెప్పుచుండగా నేను విన్నాను. దొంగతనము చేసినదానివలె చెప్పినది. చేసినది రవిక కుట్టుటయే గదా!

అమరసింహుని మూడు లక్షణములలో అక్కకు రెండు కలవు. పరుల యిల్లు కలదు; శిల్పము కలదు. నడుమ నుండవలసిన స్వవశత్వమే లేకపోయినది.

ద్రౌపదిని మరల తలచుకొనుడు. ఆమె సుదేష్ణ యింట చేరునప్పుడు ముందుగనే ఒడంబడిక చేసికొన్నది. ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు, తన విద్య యిది, తాను చేయు పని యిది యనియు స్పష్టముగ చెప్పి, రాణి యొప్పుకొన్న తరువాతనే గడప దాటినది. ఆమెకు కష్టమెప్పుడు వచ్చినది? ఒడంబడికలో లేని పనికి, కీచకుని యింటికి మద్యము తెమ్మని, రాణి ఆమెను పంపినప్పుడు. సభలో మొరపెట్టుకొన్నప్పుడు రాజు సయితము కీచకుని దండింపజాలక యూరకుండెను. మాట మాత్రమే సాక్షియైన యొడంబడిక బలవంతుని ముందర నిలువదని ఆ కథ చెప్పుచున్నది. మన స్త్రీలకు మాట చాలదు, కాగితము వలయును. కాగితమున్నను చాలదు, అందేమి వ్రాసిరో తెలియవలయును.

ఇప్పుడు ఆ కాగితము సంగతి. కూతురికి ఇరువదియారేండ్లు. తల్లి కంటె ఒక మెట్టు పైనే. మగ్గము మీద గుడ్డ బిగించి, సూదికొక్కెముతో జరీయు పూసలును గ్రుచ్చి, పెండ్లి రవికలకు నెమళ్లు, ఏనుగులు దింపగలదు. ఒక ఏజంటు కువైత్తులో కుట్టుపని యని చెప్పి కాగితము చేతికిచ్చి, లక్షన్నర అడిగినాడు.

“అయ్యవారమ్మా, ఈ కాగితం రవంత చదివి చెప్తావా? అయ్యవారు ఇంగ్లీషు చదువుతాడు కదా” అని అక్క యడిగినది. కూతురు గుమ్మము దగ్గరనే నిలిచినది.

మా వారు ఇంగ్లీషు భాగము చదివిరి. అరబ్బీ భాగమును మసీదులో పిల్లలకు చదువు చెప్పు ఉస్తాదుగారికి చూపితిమి. ఇద్దరును చెప్పినది యొక్కటియే. వృత్తి యనుచోట ‘ఖాదిమా’ యని యున్నది. అనగా ఇంటి పనిమనిషి. కుట్టు ఊసే లేదు. వీసా 20వ అధికరణము క్రింద ననియు నుండెను. కువైత్తులో ఇంటిపనివారి నివాసానుమతి 20వ అధికరణము. దుకాణములు, కంపెనీలు మొదలగు వానిలో పనిచేయువారిది 18వ అధికరణము. పోవువారికి ఈ రెండంకెలలో నున్న భేదము కొండంత. కుట్టు దుకాణములో పనికి పోవునది 18వ దానితో పోవలయును. 20వ దానితో పోయినది ఇంటి గోడల నడుమనే యుండవలయును. ఆ దేశ ప్రభుత్వము 2024వ సంవత్సరము జూలై 14 మొదలు సెప్టెంబరు 12 వరకు, యజమాని సమ్మతించినచో 20వ దానినుండి 18వ దానికి మారుటకు తలుపు తెరచినది. రెండు నెలలు తెరచి మరల మూసినది. అట్టి తలుపును నమ్ముకొని యిల్లు విడుచుట మంచిది కాదు.

నేనీ సంగతి చెప్పగా కూతురు అక్కడనుండియే యన్నది: “అమ్మ పోలేదా? అమ్మ పోయి మిద్దె కట్టలేదా? నేను పోతే మాత్రం తప్పా?”

అక్క మాటలాడలేదు. పదియేండ్ల నాడు తన్ను విడిచి పోయిన తల్లి, ఇప్పుడు తన్ను పోవద్దనుచున్నదని ఆ పిల్ల కడుపు మంట. ఆ మంటలో కొంత న్యాయమున్నది. పోవలదని చెప్పుట నాకును ఇష్టము లేదు. మన సీమలో వాన నమ్మిన వారికంటె చేతిపని నమ్మినవారే యెక్కువ కాలము నిలిచిరి. కాని పోవుట యెట్లు? పనికత్తెగ పోవలయునా, పనిమనిషిగ పోవలయునా? ఆ భేదమే నేను చెప్పదలచినది.

ఇందు మన దేశపు చట్టము చెప్పునది కొంత తెలిసికొనుట మేలు. పదవ తరగతి గట్టెక్కనివారి పాసుపోర్టు ‘ఇ. సి. ఆర్.’ తరగతికి చెందును. అట్టివారు కువైత్తు, సౌదీ, ఖతారు, ఒమాను, బహ్రయిను మొదలగు పదునెనిమిది దేశములకు పనికి పోవలెనన్న 1983 నాటి వలస చట్టము ప్రకారము ప్రభుత్వపు అనుమతి పొందవలయును. స్త్రీలకైనచో ముప్పదియేండ్లు నిండియుండవలయును. 2016 నుండి అట్టి స్త్రీలను పంపు పని ప్రభుత్వ సంస్థలకే అప్పగింపబడినది. మన రాష్ట్రములో ఓంక్యాప్ అను సంస్థ యట్టిది. ఏజంటు తీసికొనదగిన రుసుము ముప్పదివేల రూపాయలును దానిపై పన్నును మాత్రమే. లక్షన్నర యడిగినవాడు ఆ మొదటి మాటతోనే తన్ను తాను తెలుపుకొన్నాడు. అనుమతి పొంది పోవువారికి పది లక్షల రూపాయల భీమా కలదు. దాని కంతు రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. దొంగదారిని సందర్శకుల వీసాతో పోవువారికి ఈ భీమా యుండదు. వారు పోయిన సంగతియే ప్రభుత్వమునకు తెలియదు.

ఆ దేశమందును చట్టము లేకపోలేదు. అక్క పోయిన నాటికి లేదు గాని, 2015లో కువైత్తు ప్రభుత్వము ఇంటిపనివారి కొరకు 68వ సంఖ్యగల చట్టము చేసినది. దాని ప్రకారము దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదు. వారమున కొకనాడు సెలవు. ఏటికి ముప్పదిదినముల జీతముతో సెలవు. పని ముగించి వచ్చునప్పుడు ఏటికొక నెల జీతము. పాసుపోర్టు యజమాని దగ్గర నుంచుకొనరాదు. మరునాటి యేడు కనీసపు జీతము అరువది దీనారములని నిర్ణయించిరి. దీనారము మన లెక్కకు 270 రూపాయలకు పైబడియున్నది. పాసుపోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. అది యజమానిది కాదు, ఏజంటుది కాదు. అక్కడ ఆపద వచ్చినచో మన రాయబార కార్యాలయమునకు పోవచ్చును. ఇక్కడివారు తమవారి కొరకు 1800 11 3090 అను ఉచితమైన ఫోను సంఖ్యకు చెప్పుకొనవచ్చును. ఈ సంఖ్యను పంచాంగము వెనుక వ్రాసి పెట్టుకొనుడు.

ఆ సాయంకాలము మా వారు పలక మీద ఒక లెక్క వేసి ఆ పిల్లకు చూపిరి. నెలకు ఇరువదియారు దినములు, దినమునకు పండ్రెండు గంటలు; వెరసి 312 గంటలు. అరువది దీనారములను పంచగా గంటకు 192 ఫిల్సులు. మన లెక్కన ఏబది రూపాయల పైచిలుకు. కూడు, నీడ ఉచితమే, కాదనము. ఇప్పుడీ పెండ్లి రవిక లెక్క: పూసలు, జరీ, దారము 350 రూపాయలు; పట్టిన కాలము 18 గంటలు; ఇచ్చినది రెండువేలు. మిగిలిన 1650 రూపాయలను పంచగా గంటకు దాదాపు 92. అందు నుండి దీపపు ఖర్చు, గది యద్దె తీసివేసినను, అక్కడి యింటిపనికంటె ఇక్కడి మగ్గమే యెక్కువ. కాని మగ్గమునకు నెల నిండ పని యుండదు. పెండ్లిండ్లు లేని ఆషాఢమున, శూన్యమాసమున చేతులు ముడుచుకొని కూర్చుండవలయును. ఇది కూడ ఆయనే చెప్పిరి. లెక్క రెండు ప్రక్కల చూడవలయునని వారి మతము.

“నా గంటకు కూలి నేనెప్పుడూ ఎయ్యలేదు అయ్యవారూ. గుడ్డకూ దారానికీ ఎంతయిందో అంతే చూసేదాన్ని” అన్నది ఆ పిల్ల. మన స్త్రీలలో నూటికి తొంబదిమంది చేయు తప్పిదమిదియే. గోదావరి సీమలో నరసాపురపు అల్లికల మాట మీరు వినియుందురు. అక్కడి స్త్రీలు ఇంట కూర్చుండి అల్లిన లేసు ఓడలెక్కి పరదేశములకు పోయినది; ఆ యల్లిన స్త్రీలను పనివారుగ నెవరును లెక్కింపలేదు, తీరిక వేళ యల్లుకొను గృహిణులనియే యనిరి. మారియా మీస్ అను జర్మను విదుషి 1982లో వారిని గురించి యొక గ్రంథము ప్రకటించి యీ సంగతి లోకమునకు వెల్లడించినది. గడప దాటకున్నను స్వవశత్వము పోవచ్చునని దానివలన తెలియును. తన గంటకు తాను విలువ కట్టుకొననిదానికి పరులెవరు కట్టుదురు?

తక్కిన దేశముల సంగతి రవంత చెప్పి ముందుకు పోయెదను. మన పిల్లలు ఇప్పుడు కువైత్తునకే కాక నలుదిక్కులకును పోవుచున్నారు గదా. అమెరికాకు ఉద్యోగి భార్యగ పోయి, ‘హెచ్ 4’ వీసాతో నున్నది పైకమునకు రవిక కుట్టరాదు. కాని 2015వ సంవత్సరము మే నుండి, భర్త శాశ్వతనివాసపు దరఖాస్తు కొంత దూరము సాగినవారికి పని అనుమతిపత్రము దొరకుచున్నది. అది దొరికినది సొంత వ్యాపారము పెట్టుకొనవచ్చును. ఇంగ్లండులో నిపుణోద్యోగి భార్యగ పోయినది సొంతముగ పని చేసికొనవచ్చును. చదువుకొను వీసాతో పోయినది చేసికొనరాదు. దుబాయి మొదలగు ఎమిరేట్లలో 2022 నుండి స్వతంత్రవృత్తి వారికని యొక వీసా కలదు. కాని పట్టమో, ప్రత్యేక డిప్లొమాయో ఉండుటయే కాక, తగిన యార్జనయో, ధనస్థోమతయో కూడ చూపవలయును. మా వీధి పిల్లకు అది చందమామ. బహ్రయినులో 2017లో యజమాని లేకయే పని చేసికొనుటకు ఒక యనుమతిపత్రము పెట్టిరి, 2022లో తీసివేసిరి. కావున ఏ దేశమునకు పోవువారైనను మొదట అడుగవలసినది జీతమెంత యని కాదు. “నా చేతిపనిని నా పేరిట చేసికొనుటకు ఈ వీసా ఒప్పునా?” యని యడుగవలయును. ఏటేట మారు సంగతులు గనుక, పోవునాటికి మరల కనుగొనవలయును.

అనుమతి యున్నవారికిని ఒంటరిగా నిలుచుట కష్టమే. ఇందుకు మన పాత శాసనమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. లాటదేశము, అనగా నేటి గుజరాతు వైపు, నుండి పట్టునేత వారు కొందరు కూడబలుకుకొని మాళవదేశమునందలి దశపురమునకు, అనగా నేటి మందసౌరునకు, వలసపోయిరి. విడివిడిగా కాదు, శ్రేణిగా పోయిరి. అక్కడ కొందరు నేతలోనే యుండిరి, కొందరు వేరు విద్యలు నేర్చిరి. క్రీస్తుశకము 437లో తమ సొమ్ముతో సూర్యదేవాలయము కట్టించి, 473లో దానిని బాగుచేయించిరి. వత్సభట్టి యను కవి ఆ శాసనమును రచించెను. పరదేశమునకు పోయిన చేతిపనివారు తలయెత్తుకొని నిలిచిరన్నచో, శ్రేణి వెనుక నుండుటయే కారణము. అంత దూరమేల? మా కర్నూలు సీమలో ఎమ్మిగనూరునందు మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. కరువులోను అంగడివారి బాకీలలోను కూరుకొనిపోయిన మగ్గములకు నూలును, అమ్మకమును ఆ సంఘము చూపినది. 1954లో వారికి పద్మశ్రీ వచ్చినది. కడప సీమలో ఒంటిమిట్ట చెంతనున్న మాధవరము మగ్గములు నేటికిని చీరలు నేయుచున్నవి. పరదేశమునందైనను నలుగురు కుట్టుపనివారు కలిసినచో, ధర తగ్గించుకొని ఒకరి నోటి కూడు ఒకరు తీయకుండ నుండవచ్చును. కొత్తగ వచ్చినదానికి కాగితము చదివి చెప్పవచ్చును.

అక్క యిప్పుడు చేయుచున్నది ఒక విధముగ నదియే. 2016లో తిరిగివచ్చి, మిద్దె మీద మరియొక మిద్దె వేయుమని బంధువు లందరును చెప్పినను వినక, మూడు కుట్టుమిషనులు కొని బస్సులాగు వీధిలో చిన్న గది తీసికొన్నది. తాను పంపిన సొమ్ము తొలి నాలుగేండ్లు మరది పేరిట జమయై, అడిగినప్పుడు లెక్క తేలలేదు. పిదపనే తన పేర బ్యాంకు ఖాతా తెరచినది. కావున పోవువారు విమాన మెక్కుటకు ముందే తమ పేరిట ఖాతా తెరచి పోవలెనని ఆమె అందరకును చెప్పును. కువైత్తు కుట్టు చూచి నేర్చిన దరాఅ కత్తిరింపుతో ఇక్కడ పిల్లలకు పొడవు గౌనులు కుట్టగా బాగుగ అమ్ముడుపోవుచున్నవి. సెలవుపై వచ్చు కువైత్తు వారు పెట్టెలలో పెట్టుకొని పోవుచున్నారు. ఆమె చేయి మరల కువైత్తు పోవుచున్నది. ఈ సారి ధర ఆమె చెప్పినదే.

ఆ నాటి కాగితము ఏమైనదని యడుగుదురు. అక్క దానిని చింపలేదు. కూతురి చేతికే తిరిగి యిచ్చి, “పో. పొయ్యేదైతే కుట్టేదానిగా పో. నా మాదిరి పోవద్దు” అన్నది. ఆ మాటకు ఆ పిల్ల ఏడ్చినది. తల్లియు ఏడ్చినది. పదునారేండ్లుగ వారిద్దరి నడుమ మాటలకు రాని దుఃఖము ఆనాడు మా వసారాలో బయటికి వచ్చినది. నేను లోపలికి పోయి పొయ్యి రాజేసితిని.

మరునాటినుండి ఆ పిల్ల సాయంకాలములందు మా యింటికి రాసాగినది. పదవ తరగతిలో లెక్కలొక్కటియే తప్పి మానుకొన్నది. ఇరువదియారేండ్ల వయసున పదునైదేండ్ల పిల్లల నడుమ పరీక్షకు కూర్చుండుటకు సిగ్గుపడినది. “కొలతలు తప్పకుండ కత్తిరించుదానికి క్షేత్రగణితము రాదా?” అని మా వారు రవిక చంకగుండ్రము గీసి వృత్తము చెప్పిరి, కుచ్చిళ్ల లంగా పరచి వృత్తఖండము చెప్పిరి. ఈ యేడు పరీక్ష వ్రాసి, లెక్కలలో నలువదియొక మార్కులతో గట్టెక్కినది. పాసుపోర్టులో ఇ. సి. ఆర్. ముద్ర తీయించుటకు దరఖాస్తు పెట్టినది. 18వ అధికరణము క్రింద కుట్టు దుకాణములో పని యెవరైన ఇచ్చినచో పోవుదునని చెప్పుచున్నది. ఇయ్యనిచో తల్లి గదిలో నాలుగవ మిషను తనదేనట. రెంటిలో నేది యగునో నాకు తెలియదు. ఆమె తొందరపడుటయు లేదు.

సోదరీమణులారా, మీ యింటనుండి గాని, వీధినుండి గాని చేతిపని యెరిగిన పిల్ల పరదేశమునకు బయలుదేరినచో, ఊరగాయ జాడీతో పాటు ఈ యైదును కట్టి యీయుడు: చదివించి అర్థము తెలిసికొన్న ఒడంబడిక, దాని నకలు ఇంట నొకటి, తన పేరిట బ్యాంకు ఖాతా, తన గంటకు తాను కట్టుకొన్న విలువ, ఆపదలో పిలువదగిన యొక ఫోను సంఖ్య. చదువు వచ్చిన మనము చేయగల సహాయ మీమాత్రము కలదు. విరాటపర్వము వానకొరకు చదువుదుమని మన పెద్దలు చెప్పుదురు. మా సీమలో వాన మాట దైవమెరుగును. ఆ కథలోని సైరంధ్రి ముందుగ చేసికొన్న ఒడంబడికను మాత్రము మన పిల్లలకు చదివి వినిపింపవచ్చును.

నిన్న మధ్యాహ్నము ఆ పిల్ల ఒక పెండ్లి రవిక ముగించి మా యింటికి తెచ్చి చూపినది. వెనుకవైపు రెండు హంసలు. నేను బాగున్నదని చెప్పుచుండగనే సంచిలోనుండి చిన్న పుస్తకము తీసి, తేది వేసి, “పదైదు గంటలు పట్టింది అయ్యవారమ్మా” అని వ్రాసికొన్నది.